సామ్రాజ్యం వేలం వేసిన కోడికూర

రాచర్ల సంతలో సామ్రాజ్యం ధర చెబితే కొనేవాడికంటే ముందు ఆమె మేకలే ఉలిక్కిపడతాయి. అంత గొంతు. అందుకే మా చర్చి పెద్దలు కోతపండుగ వేలం ఏటా ఆమెకే అప్పగిస్తారు. భక్తులు తెచ్చిన గుమ్మడికాయనో కోడినో ఆ రోజు వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు డబ్బు కట్టి, వస్తువు మళ్లీ దేవుడికే ఇచ్చేస్తారు. మళ్లీ పాట. సాయంత్రానికి ఒకే గుమ్మడికాయ ఊళ్లో సగంమంది సొంతమై, చివరికి పాస్టరుగారింట్లో పులుసవుతుంది.

ఈ మార్చిలో లెక్కల టీచరు అరుణకుమారి సామ్రాజ్యం ఇంటికొచ్చి దిగులుగా కూర్చుంది. లెక్కల్లో చురుకైన హైస్కూలు పిల్లలకు ఆమె ఏటా వేసవిలో నెల రోజుల శిబిరం నడుపుతుంది. భోజనాల ఖర్చు పెట్టుకునే హైదరాబాదు పెద్దమనిషి ఈసారి ఫోనే ఎత్తడం లేదు. ఎంపికైన పిల్లల్లో సామ్రాజ్యం మనవరాలు జెస్సీ కూడా ఉంది. శిబిరం లేకపోతే ఆ పిల్ల ఎండాకాలమంతా మేకల వెంట తిరగాలి. జెస్సీ మేకల్ని జతలు జతలుగా విడగొట్టి, మిగిలిన ఒక్కదాని గురించి ఆలోచనలో పడే రకం. ఈలోగా జతలన్నీ పక్కవాళ్ల చేలో ఉంటాయి.

“అడుక్కుంటే ఎవురిస్తారమ్మా? కోతపండుగ మాదిరి పాట పెడదాం. నా నాటుకోడి పుంజు ఒక్కటి చాలు,” అంది సామ్రాజ్యం.

ఆదివారం బడి మైదానానికి చర్చివాళ్లే కాదు, ఊళ్లో రైతులూ వచ్చారు. మొదటి పాటలో మిరప రైతు గురవయ్యకూ ఆటో ఏసురత్నానికీ పంతం పడింది. ఏసురత్నం వంద పెంచితే గురవయ్య ఐదొందలు పెంచాడు. చివరికి గురవయ్యే గెలిచాడు, డబ్బు కట్టాడు, అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత టీచరు మైకు తీసుకుని ప్రధాన సంఖ్యల గురించి మాట్లాడింది. అవి ఎక్కడా అయిపోవట. ఆమె ప్రసంగమూ అయిపోలేదు.

అది ముగిశాక చూస్తే కోడి లేదు. గురవయ్య దాన్ని చంకలో పెట్టుకుని పోవడం అందరం చూశాం, నీడకు తీసుకెళ్తున్నాడనుకున్నాం. సామ్రాజ్యం గురవయ్య ఇంటికి పరుగెత్తింది.

“అన్నా, కోడేదన్నా?”

“ఏంది సామ్రాజ్యమ్మా అట్ల అడుగుతావు? పొయ్యి మీదుంది. మీ వదిన మసాలా కూడా ఏసింది.”

“అయ్యో, దాన్ని మళ్లా మళ్లా పాడాల గదన్నా! పిల్లోళ్ల నెల రోజుల తిండి దాని మీదనే ఉంది!”

“కొన్నదాన్ని మళ్లా అమ్మేదేంది? ముందే చెప్పాల గదా!”

పాపం, ఆయన తప్పేం లేదు. చర్చివాళ్లకు పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతి, బయటివాళ్లకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. సామ్రాజ్యం అక్కడే గడప మీద కూలబడింది. జెస్సీ వేసవంతా ఆ చట్టిలో కుతకుతలాడుతోంది. కాసేపటికి కొంగు బిగించి లేచి, గురవయ్య భార్యతో, “మాలకొండమ్మ వదినా, చట్టి దించు,” అంది.

ఈసారి పద్ధతి అందరికీ ముందే చెప్పాక, మైదానంలో కూర వేలం మొదలైంది. బతికున్న పుంజుకు రాని ధర దాని వాసనకు వచ్చింది. పాడుకున్న ప్రతివాడూ మూత తీసి, వాసన పీల్చి, గుటకలు మింగి, చట్టి తిరిగి ఇచ్చేశాడు. ఏసురత్నం రెండుసార్లు కొని, రెండుసార్లూ కళ్లనీళ్లతో ఇచ్చాడు. పొద్దుటినుంచీ ఏమీ తినని గురవయ్య ఇక ఆగలేక అందరికంటే పెద్ద పాట పాడాడు. డబ్బు ఎంచుతున్న టీచరు, నెలకు సరిపోయిందని సామ్రాజ్యానికి సైగ చేసింది.

గురవయ్య చట్టిని ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇప్పుడిది నాదేనా?”

“నీదే అన్నా.”

మూత తీసి, లోపలికి చాలాసేపు చూసి, మళ్లీ మూత పెట్టి ఆమె చేతికిచ్చాడు.

“అట్లయితే మళ్లా పాడు.”

సామ్రాజ్యానికి కన్నీళ్లు ఆగలేదు. “చాలన్నా, పిల్లోళ్లకు సరిపోయింది. నువ్వు తిను,” అంటూ, ఏడుస్తూనే ఆయన ముందు ఆకు వేసింది.