పసుపన్నం తిన్న గోరింకలు

నకిరేకల్‌కు ఆరు మైళ్ల అవతల ఒక పల్లెలో బక్కమ్మంటే మొండిదని పేరు. మొగుడు పోయాక రెండెకరాల చెల్కలో ఆముదాలు వేసుకుని, ఎవరి ముందూ చేయి చాచకుండా బతికింది. పందొమ్మిది వందల అరవై మూడులో ఆ చెల్క మీద ఆకులు మేసే దాసరి పురుగు పడింది. ఆ చెట్లు పోతే ఆమెకు ఏడాదంతా పస్తే.

మందు కొట్టే పంపు ఊరంతటికీ ఒక్కటే. గ్రామసేవకుడు ఆమెకు ఒక సీసాలో ఎండ్రిన్ అనే పురుగుమందు ఇచ్చి, పంపు ఎనిమిదో రోజు వస్తుందన్నాడు.

"ఎనిమిది దినాలు పురుగు ఉపాసముంటదా సారూ?" అని బక్కమ్మ అతని మీద లేచింది.

ఆ ఊళ్లో పురుగు పడితే పసుపన్నం వండి, మైసమ్మ పేరు చెప్పి చేనంతా పొలి చల్లుతారు. అన్నం కోసం దిగిన గోరింకలు పురుగునూ ఏరుకు తింటాయి. పెద్దలు మాత్రం మైసమ్మే పిట్టలై వచ్చి తిన్నదంటారు. బక్కమ్మ కూడా అదే నమ్మింది. అయినా తల్లికి కాస్త బలం తోడవుతుందని, సీసాలోని మందంతా అన్నంలో కలిపింది. నమ్మిన తల్లికి సీసా సాయమెందుకే అని అడిగేవాళ్లు ఇంట్లో లేకపోయారు.

పొద్దున్నే చల్లి, మేకలకు నీళ్లు పెట్టడానికి ఇంటికి వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి సాళ్ల నిండా గోరింకలు కాళ్లు పైకి పెట్టి పడి ఉన్నాయి. ఒకటి మాత్రం ఇంకా ముక్కు తెరిచి మూస్తోంది, గొంతులోంచి చప్పుడు రావడం లేదు. బక్కమ్మ అన్నిటినీ కొంగులో ఏరుకుని, గట్టు పక్కన గుంత తీసి పూడ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆ చేల మీద ఒక్క పిట్టా ఎగరలేదు. పిట్టల గోల లేకపోయేసరికి అంతవరకూ వినపడని చప్పుడొకటి పైకి తేలింది. ఎండ కాస్తుండగానే ఆకుల మీద తుంపర పడుతున్నట్టు కరకర, కరకర. అది పురుగు మేస్తున్న చప్పుడు. చెవుల్లో గుడ్డ కుక్కుకున్నా బక్కమ్మకు అది వినపడుతూనే ఉంది.

నాలుగో రోజుకు ఆమె చెట్లకు ఈనెలే మిగిలాయి. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు గాని, ఇక్కడ ఏమీ చేయనివాళ్లకూ తగిలింది. పురుగు గట్టు దాటి పక్కనున్న సైదమ్మ చేలోకి నడిచింది. సైదమ్మ పసుపన్నం గంప తెచ్చి, పొలి చల్లి, ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. అన్నం మీద ఈగలు తప్ప ఏవీ వాలలేదు.

"పిట్టలెటు పోయినయక్కా? తల్లికి మా మీద కోపమొచ్చిందా?" అని సైదమ్మ ఏడుపు గొంతుతో అడిగింది.

బక్కమ్మ గట్టు పక్కన తాను పూడ్చిన గుంతను చూపించింది.

"తల్లికి కోపం రాలే చెల్లె. తల్లికి నేనే ఇసం పెట్టిన."