పుట్టి కింద నడక

బావ పోయాక నేను ఒక చోట కూర్చోలేకపోయాను. కడపలో ఉంటే కర్నూలు బస్సెక్కేవాణ్ణి. కర్నూలులో అక్క ఇంట్లో ఒక పూట గడిచేసరికి మళ్లీ బస్టాండుకు నడిచేవాణ్ణి. పుస్తకం తెరిస్తే కళ్లు పంక్తుల మీద పోయేవి, మనసు పోయేది కాదు. చావు గురించి రాసినవి చాలానే చదివాను. కాళ్లు నిలవకపోవడం గురించి వాటిలో ఎవరూ రాసినట్టు గుర్తు లేదు.

బావ మా అక్క భర్త. తుంగభద్ర ఒడ్డున పుట్టినవాడు. ఏటా వానలు వెనకబట్టాక, వాగుల్లోనూ కాలువల్లోనూ ఇంకా నీళ్లున్న రోజుల్లో, మేమిద్దరం పుట్టి తీసుకుని బయల్దేరేవాళ్లం. పుట్టి అంటే వెదురుతో అల్లి, బయట పట్టా కుట్టి తారు పూసిన గుండ్రటి పడవ. మాది చిన్నది, ఇద్దరికి సరిపోయేది. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలిన కాలువ నీళ్లు నిప్పులవాగులో పడి, గాలేరులో కలిసి, కుందూలోకి చేరి, ఆఖరికి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తాయి. ఈ దారంతా తెడ్డు వేసి చూడాలన్నది బావ పట్టుదల. ఒక ఏడు ఒక ముక్క. ఒక ఏడు దారి వదిలేసి వెలుగోడు జలాశయంలోనే తిరిగాం. ఇంకో ఏడు గండికోట కింద, కొండల మధ్య నిలిచిన నీళ్ల మీద, పైన ఫొటోలు తీసుకునేవాళ్లు చేతులూపుతుంటే సిగ్గుపడుతూ తెడ్డు వేశాం.

బావకు ఈత రాదు. నడుముకు లారీ ట్యూబు కట్టుకునేవాడు. నేను పుస్తకం తెచ్చుకునేవాణ్ణి, బావ దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

ఇక మిగిలింది చివరి ముక్క, కుందూ పెన్నలో కలిసే చోటు. ఆ ఏటి ఎండాకాలంలోనే బావ గుండె ఆగిపోయింది.

వానలు పోయాక పుట్టి కోసం అక్క ఇంటికి వెళ్లాను. అది పెరట్లో బోర్లా పడి ఉంది. పుట్టిలో ఒక్కడే ఉంటే ఎదురు అంచున బరువు పెట్టుకోవాలి, లేకపోతే తెడ్డు వేసే వైపు వంగి నీళ్లు తాగుతుంది. అందుకని గోనెసంచిలో ఇసుక నింపుతున్నాను. అక్క వచ్చి నిలబడింది.

"ఆ మూట ఎందుకురా?"

"బావ కూచునే చోట పెట్టేదానికి."

అక్క మూట వైపు చూసింది. "ఇసుక మూట కంటే తక్కువున్యానా నేను?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"నువ్వు యాడికక్కా, ఆ రాళ్లలో, ముండ్లలో?"

"ఏటా ఈ గంప నెత్తిన పెట్టుకొని పోతాండె మీ బావ. తిరిగొచ్చినాక కొన్నాళ్లు మనిషి మనిషి మాదిరి ఉండె. మళ్లా మామూలే. అన్నం పెడితే తినేది, టీవీ ముందర కూచునేది. నాతో పట్టుమని రెండు మాటలు లేవు. ఆడ మీకేం దొరికిందో నేనూ చూడల్ల."

ఆమె తోడికోడలు వాకిట్లో నిలబడి అంతా వింది. "ఏడు తిరక్కముందే గడప దాటేది బాగుంటాదా అక్కా?" అంది.

"ఏటికి పోతాండా తల్లీ, పేరంటానికి కాదు," అంది అక్క. లోపలికి పోయి చెప్పులు తెచ్చి గడప దగ్గర పెట్టుకుంది.

మర్నాడు పుట్టిని మినీ లారీలో వేసుకుని కుందూ ఒడ్డుకు చేరాం. అక్క బావ కూర్చునే చోట కూర్చుంది. ట్యూబు ఇస్తే పక్కన పెట్టేసింది. పుట్టి కదలగానే అంచు పట్టుకుంటుందేమో అనుకున్నాను. పట్టుకోలేదు. చేతిని నీళ్లలో వేలాడేసింది.

"ఊ, ఇప్పుడు చెప్పు. ఇట్లా కూచొని ఏం మాట్లాడుకుంటాంటిరి?"

"ఏం మాట్లాడేవాళ్లం కాదక్కా."

"దాచొద్దు."

"నిజంగానే."

దాచలేదు. నీళ్ల మీద మాటలకు తీరిక ఉండేది కాదు. మునిగిన తుమ్మకొమ్మలు, రైతులు మోటార్లకు వేసిన పైపులు, జాలర్లు కట్టిన వలతాళ్లు చూసుకోవాలి. పుట్టికి ముందూ వెనకా లేదు, తెడ్డు ఆపితే తనంతట తాను తిరుగుతుంది. బావ భయంతో రెప్ప వేయకుండా నీళ్లనే చూసేవాడు. ఇదంతా అక్కకు చెప్పాను. ఆమె నమ్మలేదు. ఒడ్డు వంక చూసింది, జమ్ము గడ్డి వంక చూసింది, మళ్లీ నా వంక చూసింది. ఏదో వస్తువు పోగొట్టుకున్న మనిషి గదంతా వెతికినట్టు చూస్తూనే ఉంది. ఆ చూపు నా మీద పడ్డప్పుడల్లా నేను ఇంకా వేగంగా తెడ్డు వేశాను.

"ఇంతేనా?" అంది కొంతసేపటికి. "దీనికోసమా?"

ఆ గొంతు విన్నాక ఆమెను తీసుకురాకుండా ఉండాల్సిందనిపించింది. ఇంతకాలం తనతో మాట్లాడని మనిషి ఇంకెక్కడో మాట్లాడేవాడని తెలిస్తే కోపమైనా వస్తుంది. ఎక్కడా ఏమీ లేదని తేలితే కోపానికి కూడా చోటుండదు.

మధ్యాహ్నానికి నీళ్లు అయిపోయాయి. పైన ఎక్కడో గేట్లు దించినట్టున్నారు. ముందు ఇసుక, నల్లరాళ్లు, వాటి అవతల ఎక్కడో మళ్లీ ఒక మడుగు మెరుస్తోంది. మా ప్రాంతంలో పడవ ప్రయాణం ఇలాగే ఉంటుంది, ఎవరో వదిలితే నీళ్లు, లేకపోతే నడక. పుట్టిని తిరగేశాం. నేను ముందు, అక్క వెనక, దాన్ని తలల మీదికి ఎత్తుకున్నాం.

పుట్టి కింద చీకటిగా ఉంటుంది. తారు వాసన, చేపల వాసన. బయటిదేమీ కనపడదు, కింద ఇసుక, నడిచే పాదాలు, అంతే. మాట్లాడితే గొంతు పక్కనే వినిపిస్తుంది.

బయట మేకల గంటలు వినిపించాయి. ఒక ఆడమనిషి గొంతు, "ఏమప్పా, గంప కింద కోడి ఒకటేనా, రెండా?"

"రెండు ముసిలి కోండ్లు," అంది అక్క ఆగకుండా. "కూరకు కూడా పనికి రావు."

బయట నవ్వు. అక్క కూడా నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వడం నేను వినలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"అక్కా, మేం మాట్లాడుకునింది ఈడ."

"యాడ?"

"ఈ పుట్టి కిందనే. మోసుకొని నడిచేటప్పుడు. నీళ్ల మీద నోరు తెరవని మనిషి దీని కిందికొస్తే ఆపేవాడు కాదు."

ఆమె నడక ఆగలేదు. "ఏమనేవాడు?"

"మోకాళ్ల నొప్పులు. శనక్కాయల రేటు. నీ వంకాయ పులుసులో కారం ఎక్కువని."

"తిని పోయి ఈడ చెప్పిండ్యాడా! ఇంకా?"

"నీ గురించి అడిగేవాడు. చిన్నప్పుడు ఎట్లుండేదని. ఏటా అదే అడిగేవాడు. బావి కథ ఏటా చెప్పించుకునేవాడు."

రాజంపేట దగ్గర మా ఊరి మోటబావిలో నాకు ఈత నేర్పింది అక్క. నేను నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని బావి నడుమ తేలుతుంటే, ఆమె మెట్ల మీంచి దూకి, వాటి తాడు విప్పేసి, నేను కేకలు పెడుతుంటే నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్లకే పెద్దమనిషయిందని ఆమెను బావి వైపు పోనివ్వలేదు.

నా వెనక అడుగులు కాస్త నెమ్మదించాయి.

"అయితే నాకు ఈత వస్తాదని ఆయప్పకు తెలుసు."

"తెలుసు."

"ఏ పొద్దూ నన్ను అడగల్యా."

"నువ్వే చెప్తావని చూస్తాండె. మీ అక్క ఇంతవరకు చెప్పలేదప్పా అని నాతో అంటాండె."

"నేను," అని ఆగింది. "పిలుస్తాడేమో అని నేను చూస్తాంటి. ఏటా చెప్పులు గడప కాడ పెట్టుకునేదాన్ని."

వెనక్కి తిరిగి చూసే వీలు లేదు. చూడగలిగినా చూసేవాణ్ణి కాదు. మా పాదాల కింద ఇసుక రంగు మారింది, తడి తగిలింది, తర్వాత నీళ్లు. చీలమండల దాకా వచ్చాయి. చేతులు లాగుతున్నాయి. ఈ మడుగు దాటితే పెన్న ఎంతో దూరం లేదు, పొద్దు ఉండగానే చేరొచ్చు. ఎన్నాళ్ల నుంచో నన్ను నిలవనీయనిది మిగిలిపోయిన ఆ చివరి ముక్కే.

"దించుదామా?" అన్నాను.

"ఉండు. పెన్న యాడికి పోతాది?" అంది అక్క. "ఇంకా ఏం అడిగినాడో చెప్పు."

నీళ్లలో అలాగే నిలబడి, పుట్టిని భుజం మీదికి సర్దుకుని, నేను గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను.