ఫ్రాన్స్ పిల్ల మా ఇంటి ప్రార్థనకు వచ్చిన శనివారం

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక వాడుక ఉండేది. శనివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో జరిగే ప్రార్థన కూటానికి డ్యూటీ నుంచి నేరుగా వచ్చే ఆడవాళ్ళు సంచిలో చీర తెచ్చుకునేవారు. ఆ ఇంటి బాత్‌రూమ్‌లో ప్యాంటు మార్చి చీర కట్టుకున్నాకే హాల్లోకి వచ్చేవారు. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు. ఇంగ్లండులోని లీసెస్టర్‌లో మా కూటానికి వచ్చే ఆడవాళ్ళలో సగం మందిమి నర్సులం, ముసలివాళ్ళను చూసుకునే కేరర్లం. నేనూ ఎన్నోసార్లు తడి నేలమీద ఒంటికాలిపై నిలబడి కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

2014 చలికాలంలో కూటం మా ఇంట్లో పెట్టుకునే వంతు వచ్చింది. భోజనానికి ముందు ఆ ఇంటి పిల్లలు ఒక బైబిలు వాక్యం కంఠతా చెప్పాలి. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. స్కూల్లో హిస్టరీ ప్రాజెక్టు కోసం దాదాపు ఆరు వందల ఏళ్ళ కిందటి ఒక ఫ్రాన్స్ పిల్ల గురించి చదివింది. మా అమ్మాయి ఈడులోనే పరలోక స్వరాలు విన్నానన్న పల్లెటూరి పిల్ల ఆమె. చదువు రాకపోయినా మగవాళ్ళ బట్టలు వేసుకుని, జెండా పట్టుకుని, సైన్యం ముందు నడిచింది. చివరికి ఇంగ్లీషువాళ్ళకు చిక్కి, పందొమ్మిదేళ్ళకే మంటల్లో చనిపోయింది.

“వాక్యం బదులు ఆమె గురించి చెప్తా మమ్మీ,” అంది.

“వద్దు. ఆమె క్యాథలిక్కుల సెయింటు. మన పెద్దలు ఒప్పుకోరు. ఏదైనా కీర్తన చెప్పెయ్.”

“అయితే ఐ యామ్ డన్. ఇంక ప్రేయర్‌కి రాను. ఎవర్.”

అది ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు. ఆరు నెలలుగా కూటంలో తల వంచుకుని కూర్చునేది, పాటలు పాడేది కాదు. ఆ వారమంతా వార్డులో మందులు ఇస్తూ కూడా దానికోసమే ప్రార్థించాను. నాకు ధైర్యం ఇమ్మని అడగలేదు. దాని మనసు మార్చమని అడిగాను.

శనివారం అది లేచి నిలబడి ఆ పిల్ల కథే మొదలుపెట్టింది. మగబట్టల దగ్గరికి రాగానే సంఘపెద్ద అంకుల్ చెయ్యెత్తారు.

“ఆగమ్మా. స్త్రీ పురుషవేషం వేసుకోకూడదని ధర్మశాస్త్రంలో ఉందా, లేదా?”

“ఉంది అంకుల్.”

“మరి?” అని నావైపు తిరిగారు. “ఏమ్మా, ఇది నువ్వు నేర్పిందేనా?”

“లేదంకుల్, స్కూల్లో చెప్పారు. నేను వద్దనే అన్నాను.”

అమ్మాయి నన్ను ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నామీద ఏ ఆశా లేదు.

అప్పుడే కేర్‌హోమ్‌లో పనిచేసే ఆంటీ ఒకావిడ బస్సు ఆలస్యమై వచ్చి, ఆ మాటలు విని, ప్యాంటు యూనిఫాంతోనే గుమ్మంలో ఆగిపోయింది.

“అయితే నన్ను బయటే ఉండమంటారా అంకుల్? పొద్దున్నుంచి ఈ పురుషవేషంలోనే ముసలోళ్ళకి స్నానాలు చేయించొచ్చాను.”

అందరికంటే ముందు నవ్వింది అంకుల్ భార్యే. “మీ ఆపరేషనప్పుడు లేపి నడిపించింది ఎవరనుకున్నారు? ప్యాంటేసుకున్న నర్సమ్మే గదా! అప్పుడు గుర్తురాలేదే ఈ వాక్యం?”

అంకుల్‌కీ నవ్వాగలేదు. “సరే, వచ్చి కూర్చో తల్లీ,” అన్నారు. తర్వాత మా అమ్మాయిని నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. “ఆ స్వరం దేవుడిదేనని ఆ పిల్లకి ఎట్లా తెలుసమ్మా?”

“ఆల్వేస్ ష్యూర్‌గా ఏం లేదు అంకుల్. కాల్చేస్తామంటే షి గాట్ స్కేర్డ్. అదంతా అబద్ధమని పేపర్ మీద సైన్ చేసేసింది. కొన్ని రోజులయ్యాక, ఆ స్వరాలు నిజమేనని, భయపడి అలా చేశానని చెప్పింది. అప్పుడు కాల్చేశారు.”

అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “కోడి కూయకముందు భయపడి ప్రభువునే ఎరగనన్న శిష్యుడు మనకీ ఉన్నాడు,” అన్నారు మెల్లగా.

ఆ మాట ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా నాకే తగిలింది. “ఇందాక నేనూ భయపడే అలా అన్నానంకుల్,” అన్నాను. “అది వారం రోజులు కూర్చుని రాసుకుంది. చెప్పనివ్వండి. నాకూ వినాలనుంది.”

“సెయింట్లకి మనం మొక్కం. ఆ మాట మార్చను,” అన్నారాయన. “కథ వింటే తప్పేముంది? కానివ్వమ్మా.”

అన్నం చల్లారిపోయేదాకా చెప్పింది. మాటలు దొరకనిచోట ఇంగ్లీషులోకి దూకింది, మళ్ళీ తెలుగులోకి వచ్చింది. ఆ స్వరాల సంగతి తీర్పు చెప్పడానికి నేను చాలను, అది ప్రభువుకే తెలుసు. ఆయన నా బిడ్డతో మాట్లాడటం మానలేదని మాత్రం ఆ సాయంత్రం నమ్మాను.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడుస్తూ అడిగింది. “నెక్స్ట్ వీక్ ఎవరింట్లో, మమ్మీ?”

సింకు దగ్గర ఉన్న నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడ్చేస్తాను.

“కేర్‌హోమ్ ఆంటీ వాళ్ళింట్లో,” అన్నాను. “రెండు బస్సులు మారాలి. ఐదింటికల్లా రెడీగా ఉండు.”