గిన్నె అడుగున మిగిలింది

రేపల్లెలో మా చర్చిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఒక ఇత్తడి గిన్నె. ఎవరో దాన్ని చింతపండుతో తళతళా తోమించి, కింద ఎర్రగుడ్డ పరిచి పెట్టారు. వచ్చినవాళ్లు చూసి మెచ్చుకుంటారు. నాకు మాత్రం దాన్ని అక్కడ చూస్తే ఒళ్లు మండుతుంది. గిన్నెను బీరువాలో పెట్టి చూసుకోవడం ఏంటండీ? గిన్నె ఉన్నది తాగడానికి కదా!

మా పల్లె చెరుకుపల్లి పక్కన. నా చిన్నప్పుడు ఊళ్లో టీకొట్టు దగ్గర మా వాళ్ల గ్లాసులు వేరు. చూరులో దోపి ఉండేవి. తీసుకుని, తాగి, మేమే కడిగి, మళ్లీ అక్కడే దోపి రావాలి. నెలకొక ఆదివారం మాత్రం మా తాటాకు చర్చిలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, జరిగేది. పాస్టరుగారు రేపల్లె నుంచి సైకిలు మీద వచ్చేవారు. ఈ ఇత్తడి గిన్నెలోనే ద్రాక్షరసం పోసి, ప్రార్థన చేసి, ముందు వరసలో కూర్చున్న ముసలామెకు అందించేవారు. అక్కడినుంచి చేతులు మారుతూ పోయేది. పొలం బురద ఇంకా ఆరని చేతులు. పొగాకు నమిలే నోళ్లు, దగ్గే నోళ్లు. అందరి పెదాలూ ఆ ఒక్క అంచు మీదే. ఆఖరికి గిన్నె తిరిగి ఆయన దగ్గరికే వచ్చేది. ఇచ్చినవాడు చివర తాగాలి, అదీ మా పద్ధతి. అడుగున మిగిలిన గుక్కెడు రసం, అందులో కలిసిన మా అందరి ఎంగిలి, ఆయన కళ్లు మూసుకుని తాగేసేవారు. ఆయనది మా కులం కాదు. నాకు అప్పటికి చదువు లేదు. బైబిలు వాక్యం తెలియదు. క్రైస్తవుడంటే చివర తాగేవాడు అని మాత్రం తెలుసు.

తర్వాత తెనాలిలో ఒక టైలరు షాపులో కాజాలు కుడుతూ అక్షరాలు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు, గుడ్డలు చుట్టే పాత పేపర్లే నాకు బడి. ఆ చదువుతోనే వాక్యమంతా చదివాను, మళ్లీ మళ్లీ చదివాను. ఎంత చదివినా ఆ గిన్నె దగ్గర తెలిసినదానికంటే పెద్దగా ఏం తెలిసిందో చెప్పలేను.

ఇప్పుడు మా చర్చిలో బల్ల రోజున ట్రేలో చిన్నచిన్న ప్లాస్టిక్ కప్పులు వస్తాయి. ఎవరి కప్పు వాళ్లది. తాగడం, కవర్లో పడేయడం. కరోనా రోజుల్లో పెట్టారు. సరే, ప్రాణభయం, నేనూ ఏమీ అనలేదు. కరోనా పోయింది, కప్పులు పోలేదు. మా పాస్టరుగారు కుర్రవాడు, చదువుకున్నవాడు, మనిషి మంచివాడే. ఎందుకండీ ఇంకా ఇవి అని అడిగితే, "శుభ్రం కోసం తాతగారూ" అన్నారు.

"చూరులో మా గ్లాసులు దోపినవాళ్లు కూడా ఆ మాటే చెప్పేవారండి" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. చిన్నబోతే చిన్నబోయింది.

ఈమధ్య బాపట్ల నుంచి మా అక్క ఫోన్ చేయించింది. పొగాకు నమిలి నమిలి ఆమెకు నోట్లో పుండు పడింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రిలో చెప్పేశారు. "ఒరేయ్ తమ్ముడూ, పోయేలోగా ఒక్కసారి బల్ల తీసుకోవాలని ఉందిరా. ఆ బుల్లి కప్పులు నాకొద్దు. మన గిన్నెలో" అంది.

పాస్టరుగారు కాదనలేదు. బీరువా తాళం ఆయనే తీశారు. గిన్నెను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. తెనాలి వెళ్లి రైలు మారి ఇద్దరం బాపట్ల చేరాం. దారిలో చూస్తే ఆయన బ్యాగులో కప్పుల ప్యాకెట్టు కూడా ఉంది. ఎందుకైనా మంచిదనట!

మా అక్క కోడలు సముద్రం ఒడ్డున వలల ఇంటి పిల్ల. మేనల్లుడు ఇష్టపడి చేసుకున్నాడు. నుదుట బొట్టు, వంటింటి గూట్లో అమ్మవారి పటం. బాప్తిస్మం సంగతి ఏంటమ్మాయీ అని ఒకసారి అడిగితే, "చూద్దాంలెండి మావయ్యగారూ, మీ దేవుడికేం తొందర?" అని నవ్వేసింది. ఆ పిల్లే అక్కను లేపి, వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టింది.

"ఏరా, గిన్నె తెచ్చావా, అమ్మేశావా?" అంది అక్క. మాట ముద్దముద్దగా వస్తోంది.

"తెచ్చాను. నిన్ను కూడా అమ్ముదామనుకున్నా, కొనేవాడు దొరకలేదు."

పాస్టరుగారు ప్రార్థన చేశారు. రొట్టె ముక్క రసంలో నానబెట్టి అక్క నోట్లో పెట్టారు. తర్వాత గిన్నె ఆమె పెదాలకు ఆనించారు. కొంత లోపలికి వెళ్లింది, కొంత మూతి పక్కనుంచి తిరిగి గిన్నెలోకే జారింది. కోడలు కొంగుతో తుడిచింది. నేనూ రొట్టె తిని, అక్క తాగిన అంచునే తాగి, అడుగున గుక్కెడు ఉంచి గిన్నె పాస్టరుగారి చేతికిచ్చాను. నిజం చెప్పాలంటే నేను ఇంతదూరం వచ్చింది ఆ గుక్కెడు కోసమే. అక్క కూడా ఆయన వైపే చూస్తోంది.

ఆయన గిన్నెలోకి చూశారు. అంచు చూశారు. మెల్లగా కిటికీలో పెట్టి, "ముగింపు ప్రార్థన చేసుకుందాం" అన్నారు. కళ్లు మూసుకున్నారు. చాలా పెద్ద ప్రార్థన చేశారు. నేను కళ్లు మూయలేదు. మూయాలని కోడలికి తెలియదు. ఆ పిల్ల లేచి, కడుగుదామని గిన్నె తీసుకుంది. అడుగున ఉన్నది చూసింది. మిగిలిన మజ్జిగ తాగినట్టు ఎత్తి తాగేసింది.

"అమ్మాయీ!" అన్నాను. నా అరుపుకి పాస్టరుగారు కళ్లు తెరిచారు.

"ఏంటి మావయ్యగారూ? ప్రార్థన చేసింది పారబొయ్యమంటారా? అత్తయ్య ఎంగిలి నాకేమన్నా కొత్తా? ఆవిడ వదిలేసిన జావ రోజూ తాగేది నేనేగా."

బాప్తిస్మం లేనివాళ్లు బల్ల ముట్టకూడదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పాస్టరుగారికీ వచ్చే ఉంటుంది. ఇద్దరిలో ఎవరమూ అనలేదు. అక్క మాత్రం నొప్పి నోటితోనే నవ్వింది. "మన సైకిలు పాస్టరుగారిలాగే తాగేసిందిరా" అంది.

తిరుగుదారిలో తెనాలి ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నాం. పాస్టరుగారు ఉన్నట్టుండి, "తాతగారూ, ఆ సైకిలు పాస్టరుగారు నిజంగా అందరి తర్వాతా తాగేవారా?" అన్నారు.

"తాగేవారండి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

ఆయన చేతిలోని పేపరు కప్పువైపు చూస్తూ ఉండిపోయారు. టీ చల్లారిపోయింది.

కొన్నాళ్లకే అక్క పోయింది. గిన్నె బీరువాలోకి వెళ్లింది. బల్ల రోజున కప్పులే వస్తున్నాయి, నేనూ తీసుకుని తాగుతున్నాను. ఒకటి మాత్రం గమనించాను, ఆ బీరువాకు ఇప్పుడు తాళం వేయడం లేదు. ఎందుకని నేనడగలేదు. పాస్టరుగారు ఆ వైపు నడిచినప్పుడల్లా ప్రార్థన మధ్యలోనైనా నా కళ్లు తెరుచుకుంటాయి. ఆయన బీరువా దాటి ట్రే దగ్గరికి వెళ్లేదాకా చూస్తూనే ఉంటాను.