గంజి పెట్టిన విగ్గు

ఇప్పుడైతే పాతికేళ్ల కుర్రాడు నున్నటి గుండుతో పెళ్లిపీటల మీద కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, మా రోజుల్లో బట్టతల అంటే పెళ్లికొడుక్కి ఉండకూడని జబ్బుల్లో ఒకటి. ఇరవై ఆరేళ్లకే నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. అప్పుడు గుంటూరులో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. (ఆ ఘాటుకే జుట్టు రాలిందని మా అమ్మ అందరికీ చెప్పేది. మా నాన్న తల చూసినవాళ్లు ఎవరూ నమ్మేవారు కాదు.) మూడు సంబంధాలవాళ్లు వచ్చి, కాఫీ తాగి, కబురు చేస్తామని వెళ్లిపోయారు. నాలుగోది చీరాలలో ఉన్న మా పిన్ని చూసింది. అమ్మాయి వాళ్లదీ మాలాగే నేతవాళ్ల కుటుంబం, పిన్ని ఇంటికి రెండు వీధుల అవతల. ఇది కూడా పోతే నాకిక పెళ్లి కాదని ఇంట్లో అందరికంటే ముందు నేనే తీర్మానించుకుని, గుట్టుగా మద్రాసు వెళ్లి ఒక విగ్గు తెచ్చుకున్నాను.

ఆ విగ్గుకి ముందువైపు రెండు వేళ్ల వెడల్పున, దోమతెర కంటే పల్చటి వల ఉంది. దాన్ని విగ్గు జుట్టు మొదళ్ల దగ్గరికంటా కత్తిరించి, నుదుటికి అతికించుకోవాలి. తిన్నగా కాకుండా కాస్త వంకరటింకరగా కత్తిరిస్తేనే వల కనపడదని అమ్మినాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పెళ్లిచూపుల నాడు పొద్దున్నే పిన్ని వాళ్లింట్లో అద్దం ముందు కత్తెర పట్టుకుని కూర్చున్నాను గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అది బాబాయి కంట్లో పడింది. ఆయన నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి, పోగుల సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా.

"ఇటివ్వరా. ఒట్టి వల మీద కత్తెరేస్తే జారిపోద్ది. గంజి పెడితే చెప్పిన మాట వింటది," అన్నాడు.

"వంకరగా కత్తిరించాలంట బాబాయ్."

"వంకరగా కోసేవాణ్ణి మన వీధిలో ఎవడూ మగ్గం ముట్టనివ్వడు."

మగ్గం మీది పడుగు పోగులకి పెట్టడానికి కాచిన గంజిలోనే ఆ వలని ముంచి, అరుగు మీద ఎండబెట్టి, స్కేలు పెట్టి గీత గీసినట్టు కోశాడు. పైగా అంచు వదలకపోతే పోగులు ఊడిపోతాయని అర అంగుళం మిగిల్చాడు. అతికించుకుని చూసుకుంటే, ఈ కణత నుంచి ఆ కణత దాకా నుదుటి మీద చిన్న సన్‌షేడ్ కట్టినట్టుంది. పిన్ని దాని మీద దండిగా పౌడరు అద్ది, "దూరం నుంచి బానే ఉందిలే నాన్నా," అంది. (దగ్గరగా కూర్చోవాల్సిన పని మీదే వెళ్తున్నానని ఆవిడకి గుర్తు చెయ్యలేదు.)

మే నెల. వాళ్లింట్లో మేం కూర్చున్న పది నిమిషాలకి కరెంటు పోయింది. నాకు చెమటలు మొదలయ్యాయి, ఎండిన గంజి నానడమూ మొదలైంది. పెద్దవాళ్లు నూలు ధరల్లో పడి, నన్నూ ఆ అమ్మాయినీ మాట్లాడుకోమని పక్కనున్న మగ్గం గదిలోకి పంపించారు. అప్పటికి తెల్లటి చార ఒకటి నా కనుబొమ మీదికి దిగింది. ఆ అమ్మాయి నవ్వలేదు. బేరానికొచ్చిన చీరని చూసినట్టు నిదానంగా నా నుదురు చూసింది.

"గంజి పెట్టారా అండీ?"

"మా బాబాయి పెట్టాడండి," అని ఆయన్ని ఇరికించాను.

"బాగా చిక్కగా కాచారు. అందుకే కారుతోంది. అదిగో బకెట్లో నీళ్లున్నాయి, కడుక్కోండి. అది కూడా తీసెయ్యండి, ఉక్కగా ఉంటుంది కదా."

తీసేశాను. తువ్వాలు అందించింది. నా తలవైపు, చేతులో కాళ్లో చూసినంత మామూలుగా చూసి, కోల్డ్ స్టోరేజీలో పెడితే మిరపకాయ ఏడాదంతా ఎర్రగానే ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. అయితే మంచిదే అంది. విగ్గుని జేబురుమాల్లో చుట్టుకుని బయటికొస్తే, బాబాయి దారిలో దాన్ని విప్పి చూసి, "ఒక్క పోగు ఊడలేదు చూశావా," అన్నాడు.

రెండు రోజులకి పిన్ని ఫోన్ చేసింది. వాళ్లు ఒప్పుకున్నారట. తల సంగతి ఇంట్లోవాళ్లు అడిగితే, "నేను చూశాగా, బానే ఉంది," అందట ఆ అమ్మాయి.

ఆ పిల్లకి దూకుడెక్కువ, నాకొద్దు పిన్నీ అన్నాను. నిజానికి ఆ అమ్మాయి మాటలో దూకుడేమీ లేదు. నా మొహం మీద గంజి కారడం చూసిన మనిషికి రోజూ పొద్దున్నే ఎదురుపడాలంటే సిగ్గేసింది, అంతే. ఆ తర్వాత మరో సంబంధం కుదిరింది, పిల్లలు పుట్టారు, ఏ లోటూ లేదు. ఇప్పుడు ఉత్త తలతోనే ఊరంతా తిరుగుతున్నాను. అప్పటి ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో నా బట్టతల చూసి సంబంధం వద్దనుకున్నది నేనొక్కణ్ణే.