శివపార్వతి కందులు

మా మేనత్త కొడుకు యలమంద బావ మొండిమనిషి. ఆయనకి ఎదురుతిరగడం ఎడ్లు కూడా మానేశాయి. ఆయన భార్య శివపార్వతక్క మాత్రం అన్నిటికీ తలూపి, కందుల దగ్గర తన మాటే నెగ్గించుకునేది.

ఆ కందులు ఆవిడ పుట్టింటివి. చీమకుర్తి వైపు నుంచి కాపురానికొస్తూ కొంగున మూటకట్టుకొచ్చింది. పత్తిలో ఆరు సాళ్ళకొక సాలు కంది వేయడం మా వైపు మామూలే. గొర్రు పట్టేది మగాడు, వెనక నడుస్తూ కందిగింజ జారవిడిచేది ఆడమనిషి. పత్తి బావది, కంది అక్కది. పంటొచ్చాక విత్తనం వేరుచేసి, ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి కుండలో దాచేది. మనిషెత్తు దాటి పెరిగే ఆ కంది సంక్రాంతి పోయినా కోతకి రాదని బావ విసుక్కునేవాడు. కందిపచ్చడి చేసిన రోజు మాత్రం మారు వడ్డించుకునేవాడు. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు.

తొంభై ఏడులో తొలకరి మోసం చేసింది. మొలిచినవి ఎండిపోతే అక్క కుండ అడుగుదాకా ఊడ్చి మళ్ళీ విత్తింది. కార్తీకంలో పత్తికి పచ్చపురుగు తగిలింది. ఏ మందుకీ చావలేదు. పురుగు కందిమీద పెరిగి పత్తిలోకి దిగుతోందని మందులకొట్లో ఎవరో అంటుంటే విని, ఆ ముక్క బావ చెవిన వేసింది నేనే. అందులో కొంత నిజముంది కూడా. ఆ కొంత నిజమే మా కొంప ముంచింది.

బావ కత్తి పట్టుకుని చేలో దిగాడు. పూతమీదున్న కందిని మొదలంటా నరుక్కుంటూ పోయాడు. అక్క పరుగెత్తుకొచ్చి చివరి సాలుకి అడ్డం నిలబడింది.

"ఒక్క సాలు ఉంచు మావా, విత్తనానికి. కుండలో గింజ లేదు."

పురుగుకి ఇల్లు కట్టిపెట్టమంటావా అని ఆవిణ్ణి పక్కకి జరిపి ఆ సాలూ నరికేశాడు. నేను గట్టుమీద నిలబడి చూశానే గానీ వద్దనలేదు.

పత్తి కూడా దక్కలేదు. మరుసటేడు కొట్టునించి పొట్టిరకం కంది తెచ్చిచ్చాడు. అక్క విత్తింది, కోసింది, పచ్చడి నూరింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకి జరిపేసింది. పుట్టింటి చేను అప్పటికే గ్రానైటు క్వారీ అయిపోయింది, అక్కడ గింజ దొరికే ఆశ లేదు. ఉంటే నసీమున్నీసా దగ్గర ఉండాలి. మా ఊళ్ళో బట్టలు కుట్టిన మాలిక్ భార్య ఆవిడ. సింగరాయకొండకి మారేటప్పుడు అక్కే ఆవిడకి చెంబుడు గింజ ఇచ్చి పంపింది. విత్తనం ఇచ్చిన చెయ్యి తిరిగి చాపకూడదని అక్క పట్టింపు. అందుకే ఏటా తొలకరి ముందు, నువ్వెళ్ళి అడుగు మావా అనేది. రెండు బస్సులు మారితే సింగరాయకొండ. చూద్దాంలే అనేవాడు బావ. నరికిన చేత్తో వెళ్ళి అడగడం ఆయనకి నామోషీ. అలా ఆరేళ్ళు గడిపాడు. రెండువేల మూడు వానాకాలంలో జ్వరమొచ్చి వారం తిరక్కుండా అక్క పోయింది.

మరుసటేడు తొలకరి ముందు బావ తనంతట తనే బస్సెక్కాడు. తోడు నేనూ వెళ్ళాను. నసీమున్నీసా మమ్మల్ని చూడగానే, వదిన రాలేదా అని మా వెనక్కి చూసింది. అక్క పోయిందని నేనే చెప్పాను. ఆవిడ గుమ్మంలో కూలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత లోపలికెళ్ళి, మూతికి గుడ్డకట్టిన కుండ తెచ్చి బావ ముందు పెట్టింది.

"తీసుకున్న గింజ తిరిగివ్వాలని ఏటా ఓ కుండ మీకోసం తీసిపెడుతున్నాను అన్నయ్యా. మీరే రాలేదు."

తిరుగు ప్రయాణంలో ఆ కుండని బావ ఒళ్ళోంచి దించలేదు. కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

వానపడ్డాక అటకమీది గొర్రు దించాడు. నన్ను గొర్రు పట్టమని, తను వెనక నడిచాడు. ఆయన చేతిలోంచి ఎర్రమన్ను పట్టిన గింజలు ఒక్కొక్కటే జారాయి. సాలు చివర ఆగిపోయాడు. కుండ ఇంకా నిండుగానే ఉంది, చేనంతా వేయొచ్చు. ఎడ్లని తిప్పబోతూ, ఇంకో సాలు వేద్దాం రా బావా అన్నాను.

ఆయన కుండ మూతికి గుడ్డ కట్టేస్తున్నాడు.

"ఆవిడ అడిగింది ఒక్క సాలేరా, బుల్లయ్యా."