మేకు పడని గోడలు

జనరలమ్మ ఇంట్లో గోడకి మేకు కొట్టడానికి వీల్లేదు. పూట కూడు లేకపోయినా ఊరుకుంటుంది, నెలరోజులు మొగుడి కబురు తెలియకపోయినా ఊరుకున్న మనిషి, గోడకి మేకంటే మాత్రం ఊరుకోదు. గుహలో బతికిన మనిషి కూడా గోడ మీద తన దున్నపోతు బొమ్మ గీసుకున్నాడు. రాజులు జింక కొమ్ములు తగిలించుకున్నారు. ఆఖరికి జైల్లో ఖైదీ సైతం బొగ్గుముక్కతో తన పేరు రాసుకుంటాడు. ఖైదీపాటి హక్కు కూడా తనకి లేకపోయిందని చిన్నకోడలి మంట. పొయ్యి లేకుండా నీళ్లు కాగేంత మంట.

ఆ ఇంట్లో గోడ గడియారం స్టూలు మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. టైము చూడాలంటే జబ్బుమనిషిని పలకరించినట్టు మీదికి వంగాలి. క్యాలెండరు కుర్చీ వీపుకి కట్టి ఉంటుంది. చుట్టాలెవరైనా అందులో కూర్చోబోతే, "అందులో కాదండీ, ఈ నెల నలిగిపోతుంది" అని లేపాలి. జనరలమ్మ మొగుడు, పోయిన సార్జెంటుగారి ఫొటో పిండి డబ్బాకి ఆనించి ఉంటుంది. బతికినన్నాళ్లూ వంటింటి గడప తొక్కని మనిషి, ఇప్పుడు కూర మాడితే అందరికన్నా ముందు చూస్తాడు.

చిన్నకోడలికి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తల్లా ఒక అద్దం. వాళ్లమ్మ వాడినది, టేకు చట్రంతో గుమ్మం వెడల్పున ఉంటుంది, బల్ల మీద నిలవదు. అంచేత నేల మీద గోడకి చేరగిలబడి ఉండిపోయింది.

"కాపరానికొచ్చిన దగ్గర్నుంచి నా మొహం కన్నా నా మోకాళ్లే ఎక్కువ చూసుకున్నాను" అంది ఒకనాడు మొగుడితో.

"మోకాళ్లకేం, బాగానే ఉన్నాయి" అన్నాడు ఆ మహానుభావుడు.

ఆ పూట అతనికి రెండో వడ్డన లేదు. పోస్టాఫీసులో పగలంతా దబదబా ముద్రలు కొట్టేవాడు, ఇంటికొచ్చేసరికి తలుపు కూడా పసిబిడ్డని పడుకోబెట్టినట్టు వేసేవాడు. తల్లి పెంపకం అలాంటిది.

సార్జెంటుగారి భార్య జనరలమ్మ ఎలా అయిందంటే, అదొక కథ. ఆవిడ కాపరమంతా మిలిటరీ క్వార్టర్సులోనే గడిచింది. బదిలీ వచ్చినప్పుడల్లా పెట్టెలు, పిల్లలు, ఒక కోడిపెట్టతో సహా రైలెక్కడమే. ఒకచోట ఇంటికప్పు కారుతోందని ఎన్ని అర్జీలు పెట్టినా దిక్కు లేదు. ఒక వానరోజున పెద్ద జనరలు తనిఖీకొచ్చి, "ఇక్కడ ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. "చెప్తాను బాబూ, ఈ బకెట్టు కాస్త ఇక్కడ ఇలా పట్టుకోండి, చంటాడికి పాలు పట్టి వస్తాను" అని ఆవిడ లోపలికెళ్లింది. చంటాడు తాపీగా తాగే రకం. ఆవిడ తిరిగొచ్చేసరికి జనరలు బకెట్టుతో అలాగే నిలబడి ఉన్నాడు, ఆయన వెనక నలుగురు ఆఫీసర్లు నాలుగు గిన్నెలతో నిలబడి ఉన్నారు. మర్నాడు పెంకులొచ్చాయి. ఆవిడకి బిరుదొచ్చింది.

అంతటి మనిషికి, ఒక్క మేకు దగ్గర ఈ మొండిపట్టేమిటి?

"క్వార్టర్సు ఖాళీ చేసేటప్పుడు టార్చిలైటు వేసి గోడలు చూస్తారమ్మాయ్. మేకు చిల్లు కనబడిందా, జీతంలో కోతే" అనేది జనరలమ్మ.

"ఇది మన సొంతిల్లు కదా అత్తయ్యా. ఎవరు ఖాళీ చేయిస్తారు?"

"సొంతమేమిటి నీ మొహం. ఎప్పటికైనా అందరం ఖాళీ చెయ్యాల్సినవాళ్లమే."

"చేశాక జీతం ఎక్కడుంటుంది, కొయ్యడానికి?"

"పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు."

ఇది న్యాయమా? ఒక్క మేకయితే సరే అనుకోవచ్చు. తలుపు గెడలకి పాత మేజోళ్లు తొడగాలి. రోలు కింద గోనెపట్టా నాలుగు మడతలు వెయ్యాలి. ఎవరి చేతిలోంచైనా పళ్లెం జారిపడితే, జనరలమ్మ పళ్లెం వంక చూడదు, పక్కింటి గోడ వంక చూస్తుంది.

ఆ పక్కింటి గోడ రెండిళ్లకీ ఉమ్మడి. అవతల ఫిరంగి మామయ్య ఉంటాడు. సార్జెంటుగారితో యుద్ధంలో పనిచేసినవాడు, ఒంటికాయ శొంఠికొమ్ము. సార్జెంటు దంపతులు ఈ జంట ఇల్లు కొని, ఒక సగం బలవంతాన ఆయనకి అంటగట్టారు. చిన్నకోడలి కష్టాలు చూసి నవ్వడంలో ఆయనదే పెద్దపీట.

"శత్రువుల గుండు నా చెవి పక్కన పేలింది. రెప్ప వేశానా? వెయ్యలేదు" అని మీసం దువ్వేవాడు. "మా వదిన చూడు, అంగుళం మేకుకి హడలిపోతుంది. ఈవిణ్ణా జనరలంటారు?"

"నీకేం మరిదీ, ధైర్యవంతుడివి" అనేది జనరలమ్మ, తల కూడా ఎత్తకుండా.

చిన్నకోడలి ఓర్పు ఒక ఉదయం తెగింది. అద్దం కింద చట్రానికి చెద పట్టింది. అమ్మ చేతులు తుడిచిన చెక్క అది. గుప్పెడు మట్టి రాలింది.

"ఈ ఇంట్లో నాకు మేకంత చోటు లేదా?" అంది, మట్టి చేత్తో పట్టుకుని.

జనరలమ్మ కళ్లద్దాలు మార్చుకోవాలంటూ బజారుకెళ్లింది. చిన్నకోడలు వీధి చివరి వడ్రంగిని పిలిపించింది.

"ఈ ఇంట్లోనా?" అన్నాడు వడ్రంగి, గుమ్మంలోనే ఆగిపోయి. "అమ్మగారికి తెలుసా?"

"నేనూ ఈ ఇంటి మనిషినే. కొట్టు."

సుత్తి దెబ్బలు మూడు పడ్డాయి. నాలుగో దెబ్బకి ముందే గోడ అవతల గిన్నెలు దొర్లి, ఏదో బరువుగా పడింది. ఆ తరవాత చప్పుడు లేదు.

చిన్నకోడలు పెరటిదారిన పరుగెత్తింది. పక్కింట్లో స్టూలు తిరగబడి ఉంది, టీ నేలంతా పారుతోంది. మంచం కింద నుంచి రెండు పాదాలు కనబడుతున్నాయి. వంగి చూస్తే, ఫిరంగి మామయ్య రెండు చెవులూ మూసుకుని, కళ్లు గట్టిగా బిగించి, ముడుచుకుని ఉన్నాడు.

ఆమె నోట మాట రాకముందే వెనక జనరలమ్మ వచ్చింది. సుత్తి చప్పుడు వీధి మలుపులో విన్నట్టుంది, చెప్పులు చేత పట్టుకుని రొప్పుతోంది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఏం మరిదీ, నా ఉంగరం దొరికిందా?"

మంచం కింద నుంచి సన్నగా వినబడింది. "వెతుకుతున్నాను వదినా. ఈ మూలకి దొర్లిందేమో."

"నిదానంగా వెతుకు, తొందరేం లేదు. అమ్మాయ్, అలా నిలబడ్డావేం? నువ్వూ చూడు."

చిన్నకోడలు నేల మీద బోర్లా పడుకుని, టీ మడుగులో చేతులు పెట్టి, లేని ఉంగరం వెతికింది. ఉంగరం అత్తగారి వేలికి మిలమిలా మెరుస్తోంది. జనరలమ్మ ఆ చెయ్యి కొంగులో దాచుకుంది.

చాలాసేపటికి ఫిరంగి మామయ్య బూజుతో బయటికొచ్చి, మీసం సర్దుకున్నాడు.

"లేదు వదినా. ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటావు. నీకీమధ్య మతిమరుపు ఎక్కువైంది."

"నిజమే మరిదీ" అంది జనరలమ్మ.

వంటింట్లోకి రాగానే చిన్నకోడలికి కోపం ముంచుకొచ్చింది. ఈసారి అత్తగారి మీద కాదు. "ఆయన కోసమా ఇదంతా? ఆయనేమో మిమ్మల్ని పిరికిదంటాడు, మతిమరుపంటాడు. పడి ఊరుకుంటారేం అత్తయ్యా?"

"మరిది యుద్ధం నుంచి వచ్చిన వారానికే, క్వార్టర్సులో పక్కవాళ్లు మేకు కొట్టారు. మీ మామగారే వెళ్లి అతన్ని మంచం కింద నుంచి లాగారు. మర్నాటి నుంచి నాకు గోడలంటే పిచ్చి పట్టింది." జనరలమ్మ పిండి డబ్బా దగ్గర ఫొటో కొంచెం సర్దింది. "నవ్వుకోనీ. నన్ను చూసి నవ్వుతున్నంతసేపూ మంచం కింద ఉండడు కదా."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా."

"నీతో చెప్తే నువ్వు మీ ఆయనతో చెప్తావు. వాడు పోస్టాఫీసు. ఊరంతా బట్వాడా అయిపోతుంది."

సగం దిగిన మేకు గోడకి వంకరగా ఉండిపోయింది. పీకెయ్యనా అని వడ్రంగి సైగ చేశాడు. జనరలమ్మ అడ్డంగా తలూపి, నడుముకున్న తాళాలగుత్తి తీసి దానికి తగిలించింది. "అది నీ మేకు. ఉండనీ" అంది కోడలితో. ఆ అద్దం వడ్రంగి కొట్టుకి వెళ్లి, చెద వదిలించుకుని, నాలుగు కాళ్లతో తిరిగొచ్చింది. చిన్నకోడలు అందులో మొహం చూసుకుని, మోకాళ్లే నయమేమో అనుకుంది.

తరవాత కొన్నాళ్లకి ఆడపడుచు వచ్చింది. ఒక చేతిలో పూలసజ్జ బొమ్మ ఉన్న పటం, ఇంకో చేతిలో సుత్తి. "అమ్మ చాదస్తానికి ఇవాళ్టితో సరి" అంటూ కుర్చీ ఎక్కింది, ఆ నెలని నలుపుతూ.

చిన్నకోడలు సుత్తి లాక్కుంది.

"గోడకి మేకా? రేపు ఖాళీ చేసేటప్పుడు టార్చిలైటు వేసి చూస్తే ఎవరు సమాధానం చెప్తారు వదినా? మీరా, నేనా?"

ఆడపడుచు నోరు తెరిచి తల్లి వంక చూసింది. జనరలమ్మ తలవంచుకుని, మహా శ్రద్ధగా గడియారంలో టైము చూస్తోంది.

గోడ అవతల ఫిరంగి మామయ్య పకపకా నవ్వాడు. "అయిపోయింది వదినా. కోడలికి కూడా అంటించేశావు."

"అంటుకోదా మరి మామయ్యా" అంది చిన్నకోడలు, సుత్తిని పిండి డబ్బాలోకి తోసి మూత పెడుతూ. "మాకు మీ అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?"